శనివారం కుళాయి

నా పేరు, చిరునామా ఈ కాగితం పైభాగంలో వేరుగా రాయించాను. వయసు ముప్పై నాలుగు. బస్టాండ్ ఎదురు వీధిలో బట్టలు సరిచేసే దుకాణంలో పదకొండేళ్ళుగా కుట్టుపని చేస్తున్నాను. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, వదులైనవి బిగించడం నా పని. నా భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మాకు ఒక్కతే కూతురు, వయసు ఆరేళ్ళు. ఇంట్లో బుడగ అని పిలుస్తాం. బడి రికార్డులోని పేరు మీ దగ్గర ఉంది.

నా భర్త ఈ నెల ఎనిమిదో తేదీ, శుక్రవారం, ఇదే పోలీస్ స్టేషన్‌లో ఒక ఫిర్యాదు ఇచ్చాడు. అది ఈత కొలనులో పిల్లలకు నేర్పే కోచ్ మేడమ్ మీద. అయిదు నెలలు తన దగ్గర నేర్చుకున్న పిల్లకు ఏమీ నేర్పకుండా, నిర్లక్ష్యంగా లోతు నీళ్ళలోకి దించిందని అందులో ఉంది. ఆ కాగితం కింద సాక్షిగా నా సంతకం కూడా ఉంది. ఆ రోజు నేను ఆసుపత్రి వరండాలో ఉన్నాను. చదవకుండా పెట్టాను. ఆ సంతకం వెనక్కి తీసుకోవడానికి, జరిగింది చెప్పడానికి ఈ రోజు నా అంతట నేను వచ్చాను. నన్నెవరూ పంపలేదు.

మా ఇల్లు కాలువ గట్టు మీద ఉంది. గుమ్మానికీ నీళ్ళకీ మధ్య పన్నెండు అడుగులు. గట్టు గోడ నా మోకాలి ఎత్తు. బుడగకు మూడేళ్ళప్పుడు చెప్పు జారి కాలువలో పడితే, దాని వెనకే గోడ ఎక్కేసింది. గౌను అంచు నా చేతికి దొరికింది కాబట్టి సరిపోయింది. నాకు ఈత రాదు. నా భర్తకూ రాదు. పిల్లకు ఆరేళ్ళు నిండేలోపు ఈత నేర్పించాలని ఆ రోజే అనుకున్నాను.

మార్చి ఎనిమిదో తేదీ, శనివారం, మొదటి క్లాసు. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా. ఆ ఒక్క రోజుకు దుకాణంలో సెలవు అడిగి ముగ్గురం కలిసి వెళ్ళాం. కోచ్ మేడమ్ ముందు పిల్లల్ని గట్టు మీద కూర్చోబెట్టి, పెద్దవాళ్ళను పక్కకు పిలిచి మాట్లాడారు. ఆవిడ అన్న మాటలు నాకు గుర్తున్నాయి.

"సినిమాల్లోలా మునిగేవాళ్ళు కేకలు వేస్తారని అనుకోకండి. పిల్లలు చప్పుడు చెయ్యకుండా మునిగిపోతారు. ఈత వచ్చినా సరే, రాకపోయినా సరే, మీరు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. ఫోన్లు సంచుల్లో పెట్టేయండి."

నా భర్త ఫోను సంచిలో పెట్టాడు. నేను చూశాను.

ఆ రోజు బుడగ మెట్ల మీద నడుము లోతు నీళ్ళలో దిగి, ఒక్కసారిగా ఏడుపు అందుకుంది. పక్క పిల్లలు కూడా బెదిరారు. గట్టు మీదికి పాకి వచ్చి వాళ్ళ నాన్న మెడ పట్టుకుని వేలాడింది. మేడమ్ నవ్వి, "మొదటి రోజు అంతేనమ్మా. నాలుగు వారాలు ఓపిక పట్టండి. ఐదో వారం బయటికి రమ్మంటే ఏడుస్తారు," అన్నారు. ఇంటికి వచ్చేదాకా పిల్ల వెక్కుతూనే ఉంది. నా భర్త చొక్కా ముందంతా తడిసి ఉంది.

శనివారం మా దుకాణంలో రద్దీ ఎక్కువ. నా భర్తకు శనివారం సెలవు. కాబట్టి మార్చి పదిహేను నుంచి పిల్లను ఆయనే తీసుకెళ్తానన్నాడు. "నువ్వుంటే నీ వైపు చూసి గారాలు పోతుంది. నాకొదిలెయ్, నేను చూసుకుంటాను," అన్నాడు. నాకు సంతోషమేసింది. తల్లి చెయ్యాల్సిన పని తను నెత్తినేసుకున్నాడని దుకాణంలో మా ఓనరమ్మకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

శనివారం మధ్యాహ్నం రెండింటికి నేను భోజనానికి ఇంటికి వస్తాను. వచ్చేసరికి బుడగ జుట్టు తడిగా ఉండేది. సంచిలో స్విమ్‌సూట్ తడిగా, చుట్టచుట్టి ఉండేది. నేను తువ్వాలు తెచ్చి జుట్టు తుడిచేదాన్ని. స్విమ్‌సూట్ పిండి తీగ మీద ఆరేసేదాన్ని. "ఈ రోజు ఏం నేర్చుకున్నావు?" అని అడిగేదాన్ని. పిల్ల ఒక్కో వారం ఒక్కోటి చెప్పేది. నీళ్ళలో బుడగలు ఊదడం. గోడ పట్టుకుని కాళ్ళు ఆడించడం. వెల్లకిలా తేలడం. సాయంత్రాలు మంచం మీద బోర్లా పడుకుని, చేతులు ఇలా ఇలా తిప్పుతూ చేసి చూపించేది. నేను నవ్వేదాన్ని. నా భర్త కూడా నవ్వేవాడు.

మొత్తం ఇరవై ఒక్క శనివారాలు. ఇరవై ఒక్కసార్లు నేను ఆ జుట్టు తుడిచాను.

ఆగస్టు నాలుగో తేదీ, సోమవారం, బడి నుంచి ఒక ఫారం వచ్చింది. గురువారం ఒకటో తరగతి పిల్లలందరినీ అదే ఈత కొలనుకు, ఆ కోచ్ మేడమ్ దగ్గరకే తీసుకెళ్తారు, నీళ్ళ దగ్గర ఎలా మెలగాలో చెబుతారు, తర్వాత కాసేపు నీళ్ళలో దింపుతారు. మీ బిడ్డకు ఈత వచ్చా, సాయం లేకుండా పది మీటర్లు ఈదగలదా అని రెండు గళ్ళు ఉన్నాయి. ఈత వచ్చిన పిల్లలకు పచ్చ టోపీ, రానివాళ్ళకు ఎర్ర టోపీ ఇస్తారని కింద రాసి ఉంది.

రాత్రి భోజనాలయ్యాక బల్ల దగ్గర కూర్చుని పెన్ను తీశాను. నా భర్త ఎదురుగా ఉల్లిపాయల బుట్ట ముందేసుకుని కుళ్ళినవి ఏరుతున్నాడు. బుడగ ఆయన పక్కన ఉంది. నేను ఇలా అడిగాను.

"పది మీటర్లు ఈదుతుందా అని అడుగుతున్నారండీ. ఏం రాయమంటారు?"

"ఈదేస్తుందిలే," అన్నాడు.

"ఊరికే అనకండి. చేతికి తేలే గాలిపట్టీలు ఏమీ లేకుండానా?"

"లేకుండానే. చేపపిల్లలా పోతుంది. రాసెయ్."

నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ చెప్పాడు. అప్పుడు బుడగ వాళ్ళ నాన్న ముఖంలోకి చూసింది. ఆయన ఉల్లిపాయ చూస్తున్నాడు. సిగ్గుపడుతోందనుకుని పిల్ల బుగ్గ గిల్లాను. రెండు గళ్ళలోనూ 'అవును' అని టిక్కు పెట్టి, కింద సంతకం చేశాను. ఆ ఫారం ఇప్పుడు మీ ఫైలులో ఉంది. ఆ సంతకం నాదే.

అధికారి గారు అడగగా చెబుతున్నాను. మంగళవారం, బుధవారం కూడా నా భర్త ఇంట్లోనే ఉన్నాడు. ఆ రెండు రోజుల్లోనూ ఒక్క మాట చెప్పలేదు. గురువారం పొద్దున ఎనిమిదిన్నరకు పిల్లను బడి గేటు దగ్గర దింపింది కూడా ఆయనే.

కొలను దగ్గర జరిగింది నేను చూడలేదు. క్లాసు టీచరు, కోచ్ మేడమ్ చెప్పగా విన్నది చెబుతున్నాను. ముప్పై ఇద్దరు పిల్లలు. పది నలభైకి పచ్చ టోపీల వాళ్ళను ముగ్గురేసి చొప్పున లోతువైపు గోడ దగ్గరకు పిలిచారు. గోడ వెంబడి ఈది మెట్ల దాకా రావాలి. నా కూతురు నాలుగో జట్టులో ఉంది. పిలిస్తే వెళ్ళింది. రాదని చెప్పలేదు. గోడ పట్టుకుని దిగి, మిగతా ఇద్దరూ వదిలారని తనూ చెయ్యి వదిలింది. అరవలేదు. చేతులు కొట్టలేదు. మేడమ్ నీళ్ళలో దూకి పైకి తీశారు. గట్టు మీద పడుకోబెట్టి నోట్లో గాలి ఊదారు. పది యాభైకి దగ్గి, నీళ్ళు కక్కింది.

పదకొండు దాటి పది నిమిషాలకు టీచరు నాకు ఫోను చేసింది. అప్పుడు నేను ఒకాయన కోటు అంచు మడుస్తున్నాను. నా పెదాల మధ్య మూడు గుండుసూదులు ఉన్నాయి. ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. ముందు సూదులు తీసి డబ్బాలో వేశాను. ఒకటి, రెండు, మూడు. ఆ తర్వాతే నా నోట్లోంచి మాట వచ్చింది. ఏమన్నానో నాకు గుర్తు లేదు.

ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు వెళ్ళాయని పిల్లను ఆసుపత్రిలో మూడు రాత్రులు ఉంచారు. మొదటి రాత్రి ఆక్సిజన్ పెట్టారు. నా భర్త మంచం పక్కన నేల మీద కూర్చుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. నేనే ఓదార్చాను. మర్నాడు పొద్దున ఆయన బయటికి వెళ్ళి, మధ్యాహ్నం కాగితంతో వచ్చాడు. "ఆ కోచ్‌ని ఊరికే వదలకూడదు, ఇక్కడ సంతకం పెట్టు," అన్నాడు. పెట్టాను. ఆ సమయంలో నాకూ ఆవిడ మీద కడుపు మండుతోంది. ఆ సాయంత్రమే ఆవిడను ఉద్యోగంలోంచి పక్కన పెట్టారని విన్నాను. విని, మంచి పని అయింది అన్నాను. ఆ మాట కూడా రాయండి.

తొమ్మిదో తేదీ, శనివారం, ఉదయం సుమారు పదింటికి నర్సు గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు తెచ్చి పిల్ల తల తుడుస్తానంది. పిల్ల నీళ్ళు చూసి బెదురుతుందని నేను వద్దనబోయాను. బుడగ తనే కళ్ళు గట్టిగా మూసుకుని తల వంచింది.

"కళ్ళు మూసుకుంటే కుళాయి కింద భయమెయ్యదు. అత్త చెప్పింది," అంది.

"ఏ కుళాయే?" అన్నాను.

"శనివారం కుళాయి."

నర్సు నా వైపు చూసింది. నేను గిన్నె తీసి కింద పెట్టమన్నాను. ఆవిడ వెళ్ళాక పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కొట్టను, తిట్టను అని చెప్పి అడిగాను. చెప్పేసింది. ఇరవై ఒక్క శనివారాల్లో ఒక్కసారి కూడా నీళ్ళలో దిగలేదు. కొలను వెనక రెండో వీధిలో మా వదిన, అంటే నా భర్త అక్క, ఇల్లు ఉంది. నేరుగా అక్కడికే వెళ్ళేవారు. కార్టూన్లు చూసేది, బిస్కెట్లు తినేది. వాళ్ళ నాన్న ఫోనులో ఈత వీడియో పెట్టి, అమ్మ అడిగితే ఏం చెప్పాలో, మంచం మీద చేతులు ఎలా తిప్పాలో నేర్పేవాడు. పన్నెండింటికి అత్త బాత్‌రూములో కుళాయి కింద తల పెట్టేది. స్విమ్‌సూట్ బకెట్లో ముంచి పిండేది.

"నాన్న ఒట్టు వేయించుకున్నాడమ్మా. నువ్వు కోప్పడతావని," అంది.

"మరి అక్కడ టోపీ ఇచ్చినప్పుడు టీచర్‌కి చెప్పొచ్చు కదే, నాకు రాదని?"

"ఒట్టు కదమ్మా," అంది.

ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళి స్విమ్‌సూట్ తీసి చూశాను. కొలను మందు నీళ్ళలో ఇరవై సార్లు నానితే ఎలాస్టిక్ సాగుతుంది. కుట్ల దగ్గర రంగు వెలుస్తుంది. అది కొన్న రోజు ఎలా ఉందో అలాగే ఉంది. పదకొండేళ్ళుగా ఎలాస్టిక్ చేత్తో లాగి చూసి ఎన్నాళ్ళు వాడారో చెప్పేదాన్ని నేను. ప్రతి శనివారం దాన్ని పిండి ఆరేసింది నేనే. నా చేతులకు తెలిసుండాలి.

అక్కడినుంచే వదిన ఇంటికి వెళ్ళాను. బుడగ పుట్టినప్పుడు రెండు రాత్రులు ఆసుపత్రిలో నా పక్కన నిద్ర మానుకుని కూర్చున్నది ఆవిడే. సొంత అక్క లేని లోటు తెలియలేదని పదిమందిలో చెప్పుకునేదాన్ని. తలుపు తీసి నా ముఖం చూడగానే ఆవిడకు అర్థమైంది.

"పిల్ల అలా గుక్కపెట్టి ఏడుస్తుంటే వాడు చూడలేకపోయాడు. నువ్వేమో పట్టిన పట్టు వదలవు. రెండు వారాలు పోనీలే అన్నాను. తర్వాత అలవాటైపోయింది," అంది.

"నాకొక్క మాట చెబితే పోయేది కదా వదినా?"

"చెబితే నువ్వు ఊరుకుంటావా? ఇల్లు పీకి పందిరేస్తావు. అయినా నేనేం చేశాను, నాలుగు చెంబుల నీళ్ళు పోశాను, అంతేగా!"

ఆవిడ బాత్‌రూము తలుపు తెరిచే ఉంది. ఆ కుళాయి కింద నీలం రంగు బకెట్ ఉంది. ఇంట్లో పోయిందని నేను వెతుక్కుంటున్న బుడగ దువ్వెన అక్కడ కిటికీలో ఉంది.

రాత్రి ఏడున్నరకు ఆసుపత్రి మెట్ల మీద నా భర్తను అడిగాను. కాదనలేదు. మొదటి రోజు పిల్ల తన మెడ పట్టుకుని వణికినప్పుడు తన గుండె ఆగినంత పనైందన్నాడు. "వచ్చే వారం దింపుదాం, వచ్చే వారం దింపుదాం అనుకున్నా. ప్రతి వారం నిజంగానే అనుకున్నాను," అన్నాడు. ఆ మాట నేను నమ్ముతున్నాను. భయపడటం తప్పని నేను అనలేదు. నాకూ నీళ్ళంటే భయమే.

"సరే. మరి ఫారం రాసేటప్పుడు? రెండుసార్లు అడిగాను కదండీ."

"నోరు రాలేదు. ఒక్కసారి గట్టు మీద కూర్చోబెట్టి పంపించేస్తారులే అనుకున్నాను."

"మరి ఫిర్యాదు?"

మెట్ల రెయిలింగు తుప్పు గోటితో గీకుతూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు.

"ఎవరో ఒకరి తప్పు కావాలి కదా. ఆవిడకి ఇంకో చోట పని దొరుకుతుంది. మనకి ఇంకో ఇల్లు దొరుకుతుందా? నువ్వు నన్ను వదిలేస్తావని భయమేసింది."

ఒక సంగతి చెప్పాలి. కిందటి ఏడాది ఆయన కంపెనీలో ఒక మెకానిక్ మెషిన్ గది తలుపు కూడా తీయకుండా, లిఫ్టు తనిఖీ చేసినట్టు కార్డు మీద సంతకం పెట్టాడు. ఇంటికి వచ్చి వారం రోజులు అతన్ని తిట్టాడు. "అందులో ఎక్కేది పిల్లలు కాదా? వీడికి అన్నం ఎలా సహిస్తుంది?" అని కంచం ముందు కూర్చుని అన్నాడు. అప్పుడు నేను ఇలాంటి మనిషిని చేసుకున్నానని మనసులో మురిసిపోయాను.

పదో తేదీన పిల్లను ఇంటికి పంపారు. నేను మా ఇంటికి తీసుకెళ్ళలేదు. దుకాణం పైన మా ఓనరమ్మ గది ఖాళీగా ఉంటే అందులో ఉంటున్నాం.

పదకొండో తేదీ, సోమవారం, సాయంత్రం అయిదింటికి కోచ్ మేడమ్ ఇంటికి వెళ్ళాను. మూడో అంతస్తు. ఆవిడకు యాభై పైన ఉంటాయి, మోకాళ్ళ నొప్పి, గోడ పట్టుకుని వచ్చి తలుపు తీశారు. నేను మాట్లాడకముందే లోపలికి వెళ్ళి హాజరు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. మార్చి ఎనిమిది దగ్గర ఒక్క టిక్కు ఉంది. తర్వాత నాలుగు వారాలు సున్నాలు. ఆ తర్వాత పేరు మీద గీత. పక్కన 'చెవికి చీము పట్టిందట, తండ్రి ఫోన్‌లో చెప్పారు' అని పెన్సిల్‌తో రాసి ఉంది. ఆ పుస్తకం నకలు ఈ వాంగ్మూలంతో ఇస్తున్నాను.

నేను దండం పెట్టి క్షమించమన్నాను. ఆవిడ నా చేతులు దించారు.

"నాకు దండాలు వద్దమ్మా. మీ పాప సంగతిలో నా తప్పు ఒకటి ఉంది. అదీ చెప్పండి. నీళ్ళలో మునగడం నేను చూశాను. నెత్తి మీద పచ్చ టోపీ ఉంది. పచ్చ టోపీ కదా, కావాలనే మునిగి ఆడుతోందేమో అని రెండు క్షణాలు ఆగాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఎప్పుడూ ఆగలేదు. టోపీని నమ్మాను."

ఆ టోపీ ఇప్పించింది నా సంతకం. నేను ఆవిడ సోఫాలో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆవిడ మంచినీళ్ళు ఇచ్చారు. నేను తాగలేకపోయాను.

అధికారి గారు అడగగా చెబుతున్నాను. నా భర్తను జైల్లో పెట్టమని నేను కోరడం లేదు. నా మీద ఆయన ఎన్నడూ చెయ్యెత్తలేదు. పిల్లంటే ఆయనకు ప్రాణం. అది అబద్ధమని నేను అనను. కానీ ఇరవై ఒక్క వారాలు ముగ్గురు కలిసి నా దగ్గర ఒక సంగతి దాచారు. అందులో ఒకరు ఆరేళ్ళ పిల్ల. ప్రాణం పోతున్నా నోరు విప్పకూడదని దానికి నేర్పించారు. మిగతావన్నీ ఒక ఎత్తు, నాకు ఇదొక్కటీ ఒక ఎత్తు. కోచ్ మేడమ్ మీద పెట్టిన ఫిర్యాదు తప్పు. దాన్ని తీసేసి, ఆవిడ ఉద్యోగం ఆవిడకు ఇప్పించాలని కోరుతున్నాను. ఫారంలో నేను పెట్టిన టిక్కుకు ఏ శిక్ష ఉంటే అది నాకు వేయండి.

అధికారి గారు మరలా అడగగా చెబుతున్నాను. నా భర్త ఈ ఉదయం ఎనిమిదింటికి దుకాణం దగ్గరకు వచ్చాడు. స్టేషన్‌కు వెళ్ళొద్దని బతిమాలాడు. "నలుగురిలో నా పరువు తీయకు, ఇంట్లో మనం మనం తేల్చుకుందాం," అన్నాడు. బెదిరించలేదు. నేను చెప్పులేసుకుని మెట్లు దిగాను. ఆయన నా వెనక వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోయాడు.

దానికి ముందు, పిల్లకు జడ వేస్తుంటే అది నన్ను అడిగింది.

"నాన్న గురించి చెబుతావా అమ్మా?"

"జరిగింది చెబుతాను."

"నేను అబద్ధాలు చెప్పానని కూడా చెబుతావా?"

"చెబుతాను. నీకెవరు నేర్పారో కూడా చెబుతాను."

ఒక జడ పూర్తయి రెండోది మొదలుపెట్టాను. అప్పుడు అంది.

"అయితే నాకు ఈత రాదని కూడా చెప్పు. అందరికీ చెప్పు. మళ్ళీ ఎవరైనా దింపేస్తారు."

నా కూతురికి ఈత రాదు. ఈ మాట నేను చెప్పింది చెప్పినట్టుగా రాయండి.

పైన రాసినదంతా ఈ రోజు, ఆగస్టు పన్నెండో తేదీ, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాల నుంచి అధికారి గారి ఎదుట నేను నోటితో చెప్పింది. ఎవరి ఒత్తిడితో గానీ ఆశతో గానీ చెప్పలేదు. నాకు చదివి వినిపించారు. ఆ తర్వాత కాగితాలు అడిగి తీసుకుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నేనే ఒకసారి చదువుకున్నాను. నిజమని ఒప్పుకుని సంతకం పెడుతున్నాను.

(సంతకం)